గార్డు కూర్చునే చోటు

జూలై ఎండలో చిత్రకారుడు మంచు కావాలన్నాడు. సత్రంలో ఉన్న తెల్ల దుప్పట్లన్నీ ఇస్తే పెరట్లో పరుస్తాననీ, వాటి మీద ఒక గుర్రాన్ని నిలబెడితే కింది నుంచి వచ్చే తెలుపు దాని పొట్ట మీద ఎలా పడుతుందో చూసుకుంటాననీ చెప్పాడు. ‘గోధుమ మోపు’ సత్రం నడిపే కెజయా పాస్క్ రకరకాల మనుషులను చూసింది. పందిపిల్లకు పక్క వేయమన్న పెద్దమనిషిని చూసింది, పెట్టుడు పళ్ళు బీరులో నానబెట్టి మరిచిపోయిన పాదిరిని చూసింది. ఉతికి ఆరేసిన దుప్పట్ల మీదికి గుర్రాన్ని ఎక్కిస్తానన్నవాడు మాత్రం ఇతనే.

మళ్ళీ ఉతికినందుకు కూలి ఎవరిస్తారని అడిగింది. దొరగారు ఇస్తారన్నాడు. దొర మాట వినగానే ఆమె చేతిలోని దుప్పట్ల దొంతర తిరిగి బీరువాలోకి వెళ్ళిపోయింది.

చిత్రకారుడి పేరు ఆర్డెన్. చెడ్డవాడేం కాదు. చొక్కా చేతుల నిండా రంగు మరకలు, ముందు పెట్టిన మాంసానికి వంక పెట్టకుండా తినే అలవాటు, ఎవరు ఏమడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పే అమాయకత్వం. ఊరూ సత్రం కట్టడమూ తనవే అయిన సర్ లయనెల్ క్రాఫ్ట్ దొర అతనికి పెద్ద పని అప్పజెప్పాడు. పోయిన జనవరిలో హాక్‌డౌన్ కొండ మీద ఉత్తరాలనూ మనుషులనూ మోసే మెయిల్ గుర్రపు బండి మంచులో కూరుకుపోయిన రాత్రిని బొమ్మగా వెయ్యాలి. బండి ముందు పీట మీద దొర పగ్గాలు పట్టుకుని నాలుగు గుర్రాలనూ అదుపులో ఉంచుతూ, తెల్లారేదాకా ప్రయాణికులను కాపాడుతూ కనిపించాలి. బొమ్మ దొరగారి హాలులోకి పోతుంది. తర్వాత దాన్ని రాగి రేకు మీద చెక్కి, అచ్చు తీసి, రంగులద్ది లండన్ నుంచి ఎక్సెటర్ దాకా ప్రతి కొట్టు అద్దంలోనూ వేలాడదీస్తారు.

"గార్డు ఎక్కడుంటాడు బొమ్మలో?" అని కెజయా అడిగింది.

"గార్డు లేడమ్మా. వెనక సీటు ఖాళీగా వెయ్యమన్నారు. అతను అప్పటికే తాగి పారిపోయాడట గదా" అన్నాడు ఆర్డెన్ నోట్లో ముద్ద పెట్టుకుంటూ.

"ఆ గార్డు మా ఆయన."

అతనికి పొలమారింది. ఆమె మంచినీళ్ళు ముందుకు జరిపి వంటింట్లోకి వెళ్ళింది.

జెత్రో పాస్క్ పారిపోలేదు. ఆ సంగతి రోడ్డు మీద బతికేవాళ్ళందరికీ తెలుసు. మెయిల్ బండిలో గార్డు బండికీ చెందడు, ప్రయాణికులకూ చెందడు, ఉత్తరాల మూటలకు చెందుతాడు. బండి దిగబడితే ముందు జత గుర్రాల్లో ఒకదాన్ని విప్పి, మూటలు దాని మీద వేసుకుని ఒంటరిగా ముందుకు పోవాలి. గుర్రం పడిపోతే నడిచి పోవాలి. జెత్రో అదే చేశాడు. రెండు రోజులు వెతికితే కొండ అవతల నాలుగు రోడ్ల కూడలిలో, దారి చూపే కొయ్య స్తంభం చేతికి మూటలు కట్టి కనిపించాయి. మంచు అందనంత ఎత్తున ఉన్నాయి, ఒక్క ఉత్తరం కూడా తడవలేదు. అతను ఇంకొంచెం దూరంలో, రాతి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గుర్రం ఇంటికి తిరిగొచ్చింది. అతను రాలేదు.

బండి ఎందుకు దిగబడిందో మాత్రం ముగ్గురికే తెలుసు. దొరకు తెలుసు, బండి తోలే హంఫ్రీ టక్‌కు తెలుసు, కెజయాకు తెలుసు. ఆ రోజుల్లో పెద్దింటి మగవాళ్ళకు బండి తోలడం పెద్ద పిచ్చి. తోలేవాడి అరచేతిలో ఒక బంగారు నాణెం పెట్టడం, పగ్గాలు పుచ్చుకోవడం, నాలుగు మైళ్ళు తోలి ఇంటికెళ్ళి నెల్లాళ్ళు చెప్పుకోవడం. చట్టం ఒప్పుకోదు. పట్టుబడితే తోలేవాడికి జరిమానా, పని కూడా పోతుంది. ఆ రాత్రి దొర టక్ పక్కన ఎక్కి పగ్గాలు పుచ్చుకుని, రోడ్డు అంచు చెప్పే కర్రలకు అవతలి వైపు నుంచి గుర్రాలను కొట్టుకుంటూ పోయి బండిని గుంటలో దించాడు. జెత్రో సమాధి దగ్గర అందరూ వెళ్ళిపోయాక టక్ ఈ సంగతి కెజయాకు చెప్పి ఏడ్చాడు. ఇంటినిండా పిల్లలున్నారనీ, ఎవరికీ చెప్పొద్దనీ బతిమాలాడు. ఆమె సరేనంది. తర్వాత విచారణలో దొర, గార్డు తాగి పారిపోయాడని తన కథ చెప్పాడు. టక్ బూట్ల వంక చూస్తూ నిలబడ్డాడు. ఇచ్చిన మాటకు కట్టుబడి కెజయా కూడా నోరు మెదపలేదు, కానీ ఆ రోజు నుంచి టక్‌కు బీరు గ్లాసు చేతికి ఇవ్వడం మానేసింది. బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేది.

విచారణలో నాలుగు గోడల మధ్య అన్న మాట గాలికి పోతుందని ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది. బొమ్మ గాలికి పోదు. జెత్రోను ఎన్నడూ చూడనివాళ్ళు, అసలీ కొండ ఎక్కడుందో తెలియనివాళ్ళు, కొట్టు ముందు ఆగి ఖాళీ సీటు చూపించి, అదిగో పిరికివాడి చోటు అని పిల్లలకు చెబుతారు. కెజయా ఏప్రన్ విప్పి, టోపీ పెట్టుకుని, దొర ఇంటికి నడిచింది.

దొర ఆమెను ఇంట్లోకి రానివ్వలేదు, గుర్రాల సాల దగ్గరే మాట్లాడాడు. గార్డులకేముంది, ఒకడు పోతే ఇంకొకడు వస్తాడన్నాడు. బొమ్మలో ఒక్క వీరుడుంటేనే చూసేవాళ్ళ కన్ను నిలుస్తుందన్నాడు. సత్రం కౌలు సెప్టెంబరు చివర వచ్చే మైకేల్మస్ పండగతో తీరిపోతుందని తనకు గుర్తుందన్నాడు. ఆమె నోరు ఎంత అదుపులో ఉంటే కొత్త కౌలు అంత తేలిక.

"నా నోటికేం లెండి" అంది కెజయా. "ఒక్కటి చెప్పండి. మా ఆయన మూటలు పారేసి పారిపోయాడంటారు. పారేసేవాడు ముడులేస్తాడా, దొరగారూ? గడ్డకట్టిన వేళ్ళతో, ఒక్కో మూటకీ రెండేసి ముడులు?"

దొర చేతి తొడుగులు సవరించుకున్నాడు.

"ముడులు బొమ్మలో కనపడవులే" అన్నాడు.

ఆమె ఇంటికి తిరిగొచ్చేసరికి నిర్ణయం అయిపోయింది. ఏం చెయ్యాలో ఇంకా తెలియదు, చేసి తీరుతుందని తెలుసు. సత్రం పోతే పోనీ అనుకోవడం తేలికేం కాలేదు. జెత్రోతో పెళ్ళయిన వారం ఆ వంటింటి గోడకు సున్నం వేసింది తనే.

దొర బొమ్మ కోసం మెయిల్ బండిని పావుగంట ఆపమన్నాడు. కొత్త గార్డు సైలస్ బ్రాడ్ ససేమిరా ఆపనన్నాడు. రాజుగారి మెయిలు గుర్రాలు మార్చుకోవడానికి తప్ప బొమ్మలకు ఆగదన్నాడు. సైలస్ జెత్రో దగ్గర పని నేర్చుకున్నవాడు, దొరకు ఆ సంగతి తెలియదు. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. పొద్దున్నే బండి సత్రం ముందు ఆగి గుర్రాలు మార్చుకునేంత సేపు దొర ముందు పీట ఎక్కి, పగ్గాలు పట్టుకుని కూర్చుంటాడు. ఆర్డెన్ ఆ కాసేపట్లో గీసుకున్నంత గీసుకుంటాడు. మిగతాది మర్నాడు.

మొదటి రోజు ఊరంతా వచ్చి చూసింది. ఎర్ర చక్రాల బండి, తలుపు మీద రాజముద్ర, పైన జూలై ఎండలో కంబళి కోటు తొడుక్కుని చెమటలు కక్కుతున్న దొర. ఎవరో నవ్వితే దొర అటు తిరిగాడు, నవ్వు ఆగిపోయింది. టక్ కింద నిలబడి కొరడా కర్రను గోటితో గీకుతున్నాడు. ఆర్డెన్ కాగితం మీద గబగబా గీసుకున్నాడు, వెనక సీటు దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. వంటింటి కిటికీలోంచి కెజయా ఆ ఆగడం చూసింది.

ఆ మధ్యాహ్నం పెట్టె తీసి జెత్రో పాత కోటు బయటికి లాగింది. ఎర్ర కోటు, జరీ అంచు, కాలరు దగ్గర చిమ్మట కొట్టిన చిన్న చిల్లు. చిల్లు కుట్టింది. బండి మీద అతను ఊదే బూర కూడా తీసి, బూడిదతో మెరిసేదాకా తోమింది.

మర్నాడు బండి వచ్చి ఆగింది. దొర ముందు పీట ఎక్కాడు. సైలస్ కిందికి దిగి మూట అప్పజెప్పడానికి తపాలా ఆఫీసు వాకిలి దాకా వెళ్ళాడు. కెజయా వాకిట్లోంచి నడిచొచ్చి, చక్రం మీద కాలు పెట్టి, గార్డు కూర్చునే చోటు ఎక్కి కూర్చుంది. మెయిల్ బండి వెనక ఒక్కటే సీటుంటుంది. ఉత్తరాల పెట్టె మూత గార్డు పాదాల కింద ఉంటుంది కాబట్టి అతను తప్ప ఎంత గొప్పవాడైనా అక్కడ కూర్చోకూడదు. ఆమె మొగుడి కోటు తొడుక్కుని, మొగుడి బూర ఒళ్ళో పెట్టుకుని, మూత మీద రెండు పాదాలూ ఆనించింది.

సైలస్ తిరిగొచ్చి చూశాడు. చట్టం ప్రకారం ఆమెను రెక్క పట్టుకుని దించాలి. అతను గడియారం చూసుకుని, ఏదో గుర్తొచ్చినవాడిలా ముందుకెళ్ళి గుర్రాల తోలు పట్టీలు ఒక్కొక్కటే తడిమి చూడడం మొదలుపెట్టాడు.

జనం ఒక్కసారిగా మాటలు ఆపేసరికి దొర వెనక్కి తిరిగాడు.

"దిగు" అన్నాడు. "అది గార్డు సీటు. వేరేవాళ్ళు కూర్చోకూడదు. చట్టం."

"తెలుసండి" అంది కెజయా. "మీరున్న చోటు కూడా చట్టమే. పగ్గాలు తోలేవాడి చేతిలోనే ఉండాలి. తమరు మేజిస్ట్రేటు, తమరికి నేను చెప్పాలా? మీరు దిగండి, నేనూ దిగుతాను."

"బండి నిలబడి ఉంది. నిలబడ్డ బండిని ఎవడూ తోలడు."

"నేను కూడా నిలబడ్డ బండి మీదే కూర్చున్నానండి."

జనంలో ఒక ముసలావిడ కిసుక్కుమంది. దొర మొహం ఆమె ఎర్ర కోటు రంగుకు వచ్చింది. ఆడదాన్ని కిందికి లాగమని గుర్రాలు చూసేవాళ్ళను కేకేశాడు. వాళ్ళు ఆమె పెట్టిన తిండి తిని పెరిగినవాళ్ళు, ఆమె కోప్పడితే నవ్వుకునేవాళ్ళు. ఇద్దరూ ఒకే గుర్రం డెక్క ఎత్తి అందులో రాయి ఉందేమోనని మహా శ్రద్ధగా చూశారు.

"మైకేల్మస్‌కి నీకు నెత్తి మీద కప్పుండదు" అన్నాడు దొర నెమ్మదిగా. "ఒక్క తాగుబోతు కోసం."

కెజయాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. భయం కూడా వేసింది. కానీ వెనక్కి తిరిగి ఉన్న ఆ సీటులో కూర్చుంటే రోడ్డు మీద దాటొచ్చిన దారే కనిపిస్తుంది, ముందున్నది కనిపించదు. ఇన్నేళ్ళూ జెత్రో చూసింది ఇదే కాబోలు అనుకుంది.

"కప్పు మీది, తీసుకోండి. ఈ సీటు మాత్రం ఖాళీగా ఉండనివ్వను. మీ బొమ్మ వేసేవాడు చూస్తున్నాడు. చూసింది గియ్యమనండి."

కొత్త గుర్రాలు కట్టడం అయిపోయింది. సైలస్ గడియారం పెట్టె మూసి, వేళైందనీ, మెయిలును ఎవరు ఆపుతున్నారో పైవాళ్ళకు చెప్పక తప్పదనీ అన్నాడు, ఎవరి వంకా చూడకుండా. దొర కదల్లేదు. కెజయా కదల్లేదు. ఒక గుర్రం అసహనంగా తల విదిలించింది.

అప్పుడు హంఫ్రీ టక్ చెయ్యి పైకి చాచాడు.

"పగ్గాలు ఇలా ఇచ్చెయ్యండి, దొరగారూ."

"నీకు మతి ఉందా, టక్?"

"ఆ రాత్రి లేదండి. మీ నాణెం పుచ్చుకుని పగ్గాలు మీ చేతిలో పెట్టాను, మీరు బండిని గుంటలో పెట్టారు, జెత్రో ఉత్తరాలు తీసుకుని పోయాడు. తాగి పారిపోలేదు." అతను చాచిన చెయ్యి దించలేదు. "ఆ రాత్రి ఇచ్చానండి. ఇవాళ ఇవ్వను."

పాదిరి ఉన్నాడు, తపాలా ఆయన ఉన్నాడు, బండి లోపల నలుగురు ప్రయాణికులు అద్దాలు దించుకుని వింటున్నారు. ఇక ఆ మాటను ఎవరూ వెనక్కి తీసుకోలేరు. దొర పగ్గాలు వదిలేసి దిగాడు. దిగేటప్పుడు అడుగు చక్రం మీద జారి మోకాలు కొట్టుకుంది, అయినా ఎవరూ నవ్వలేదు. అందరూ టక్‌ను చూస్తున్నారు.

కెజయా మాట ప్రకారం లేచింది. దిగే ముందు బూర ఎత్తి, దారి వదలమని చెప్పే కూత గట్టిగా ఊదింది. సత్రం గుమ్మానికి అడ్డంగా నిలిపిన దొర గుర్రపు బండిని అతని నౌకరే అలవాటు కొద్దీ గబుక్కున పక్కకి లాగేశాడు. సైలస్ ఆమెకు చెయ్యి అందించి దించి, ఆ వెచ్చని సీటులో తను కూర్చున్నాడు. టక్ ముందు పీట ఎక్కాడు. బండి కదిలింది.

దొర ఆ సాయంత్రమే ఆర్డెన్‌ను పంపించేశాడు, రంగుల ఖర్చు కూడా ఇవ్వలేదు. ఆర్డెన్ మూట సర్దుకుని సత్రం మెట్ల దాకా వెళ్ళి, తిరిగొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. బొమ్మ ఎలాగైనా వేస్తానన్నాడు. కెజయా బీరువా తెరిచి దుప్పట్లన్నీ తీసి, తనే పెరట్లో పరిచింది. జెత్రో ఎక్కి పోయిన గుర్రాన్నే తీసుకొచ్చి వాటి మీద నిలబెట్టింది. అది మొదట కాలు పెట్టనంది, తర్వాత ఒక మంచి దుప్పటిని చింపింది.

ఆర్డెన్ వేసిన బొమ్మలో కొండ, మంచు, దూరాన గుంటలో వంగిపోయిన మెయిల్ బండి, దాని దీపాల వెలుగు. ముందు పీట మీద చేతులు ఖాళీగా ఉన్న ఒక మనిషి, పక్కన పగ్గాలు పట్టుకున్న ఇంకో మనిషి. ఇద్దరూ వేలెడంత లేరు. దగ్గరగా, బొమ్మ నడి మధ్యలో, దారి చూపే స్తంభం. ఎర్ర కోటు గార్డు గుర్రం వీపు మీద నిలబడి, స్తంభం చేతికి మూటలు కడుతున్నాడు. మొహం అటు తిరిగి ఉంది.

"నేను ఆయన్ని చూడలేదమ్మా. అందుకే మొహం వెయ్యలేదు" అన్నాడు ఆర్డెన్.

"వద్దు. మొహం నాకు తెలుసు. చేతులు మాత్రం సరిగ్గా వెయ్యి." ఆమె తాడు తెచ్చి బల్ల కాలికి ముడి వేసి చూపించింది. జెత్రో వేసే ముడి, ఒకటి బిగించి దాని మీద ఇంకొకటి. ఆర్డెన్ ఆ ముడుల కోసమే వారం కూర్చున్నాడు. అచ్చు వేసుకోవడానికి నకలు ఒకటి తీసుకుని, అసలు బొమ్మ ఆమెకు ఇచ్చి వెళ్ళాడు. డబ్బు సంగతి ఎత్తితే, చింపిన దుప్పటికి చెల్లన్నాడు.

టక్‌కు జరిమానా పడింది, పని పోయింది. సారా బట్టీ వాళ్ళ బండి తోలుకుంటున్నాడు. నెమ్మదైన గుర్రాలు, తక్కువ కూలి. కెజయాను ఒక్క మాట అనలేదు. మైకేల్మస్ ముందు రోజు సత్రానికి వస్తే ఆమె బీరు గ్లాసు అతని చేతికే ఇచ్చింది. అది పుచ్చుకుని అతను చాలాసేపు తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు.

పండగ రోజు దొర మనుషులు వచ్చి తాళాలు తీసుకున్నారు. ఆమె కోటూ బూరా బొమ్మా దుప్పట్లూ బండిలో వేసుకుని వెళ్ళిపోయింది. మరీ దూరం పోలేదు. హాక్‌డౌన్ కొండ దిగగానే పక్క జిల్లా వాళ్ళ టోల్ గేటు ఉంది. అక్కడ దొర మాట చెల్లదు. ఆ గేటు చూసుకునే మనిషి కావాలని సైలస్ కబురు తెచ్చాడు, ఆమె ఆ పని పుచ్చుకుంది. గేటు పక్కనే చిన్న ఇల్లు, రోడ్డు మీదికి పొడుచుకొచ్చిన కిటికీ. కిటికీలో, రోడ్డు మీద పోయేవాళ్ళకు ఎదురుగా బొమ్మ పెట్టింది.

గేటు అందరికీ మూసే ఉంటుంది. మెయిలు బూర వినిపిస్తే మాత్రం ముందే బార్లా తెరిచి ఉంచాలి. మెయిలు ఆగదు, సుంకం కట్టదు.

అక్టోబరులో మొదటి గురువారం దొర, వారం వారం వెళ్ళేలాగే, కోర్టుకు బయల్దేరాడు. బండి గేటు ముందు ఆగింది, నౌకరు గేటు తియ్యమని అరిచాడు. కెజయా చేతులు తుడుచుకుంటూ తీరిగ్గా బయటికొచ్చింది. అదే సమయానికి కొండ మీద బూర మోగింది. మెయిలొస్తోంది, పక్కకి లాగమంది. నౌకరు లాగాడు. పక్కన ఉన్న చోటు ఒక్కటే, కిటికీ ముందు. దొర మొహానికీ బొమ్మకూ మధ్య అద్దం తప్ప ఏమీ లేదు.

ఎర్ర చక్రాలు దుమ్ము లేపుకుంటూ గేటు దాటిపోయాయి. సైలస్ వెనక సీటులోంచి కిటికీ వైపు తిరిగి ఇంకోసారి బూర ఊదాడు. ఊదక్కర్లేదు, గేటు అప్పటికే దాటేశాడు. కెజయా గేటు మళ్ళీ మూసి, దొర బండి దగ్గరికి వచ్చి చెయ్యి చాచింది.

"ముడులు కనపడుతున్నాయాండీ, దొరగారూ?"

దొర సుంకం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చీటీ ఇచ్చి గేటు తీసింది. కోర్టుకు ఆయనకు మరో రోడ్డు లేదు, వచ్చే గురువారం మళ్ళీ ఇక్కడ ఆగాల్సిందే.